లోడు పడితే లాగని పాత డీజిల్ బండి: లోపం ఎక్కడుందో వరుసగా కనిపెట్టడం

ఖాళీగా వెళ్తే బండి బాగానే పరిగెడుతుంది. మిర్యాలగూడ మిల్లుకు ధాన్యం బస్తాలు వేసినప్పుడో, బాటసింగారం పండ్ల మార్కెట్‌కు బత్తాయి లోడు ఎత్తినప్పుడో చిన్న ఎత్తు రాగానే మూడో గేరు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి దిగిపోతుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినా ఇంజను పుంజుకోదు. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పదిహేను, ఇరవై ఏళ్ల నాటి బొలేరోలు, టాటా 407లు, సుమోలు, ఏస్‌లు ఇప్పటికీ ఎన్నో ఇళ్లకు అన్నం పెడుతున్నాయి. వాటికి ఈ జబ్బు రాగానే చాలామంది చేసే మొదటి పని ఫ్యూయల్ పంపు విప్పించి పంపు షాపులో పెట్టడం. అది వేల రూపాయల పని. తీరా పంపు బిగించి లోడు వేస్తే బండి మళ్లీ అదే ఎత్తు దగ్గర ఆగుతుంది. లోపం ట్యాంకు మూతలోనో, చీలిన రబ్బరు గొట్టంలోనో ఉంటే పంపు ఏం చేస్తుంది?

పంపు జోలికి చిట్టచివర వెళ్లాలి. అంతకు ముందు చూడవలసినవి చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఇంటి ముందు, మామూలు స్పానర్లతో చూసుకోవచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస తప్పితేనే డబ్బు వృథా అవుతుంది. ఇక్కడ చెప్పేది ప్రధానంగా మెకానికల్ పంపు (కంప్యూటరు అదుపు లేకుండా పనిచేసే పాత రకం పంపు) ఉన్న బండ్ల గురించి. కామన్ రైలు ఇంజన్లకు (అన్ని ఇంజెక్టర్లకూ ‘రైలు’ అనే ఒకే గొట్టం నుంచి ఎక్కువ పీడనంతో డీజిల్ అందే కొత్త రకానికి) కూడా గాలి, టర్బో (ఇంజనులోకి గాలి నెట్టే భాగం), సైలెన్సరు, ట్యాంకు వైపు పరీక్షలు చాలావరకు వర్తిస్తాయి. కానీ వాటి ఇంజెక్టరు పైపులను మాత్రం ఇంజను నడుస్తుండగా ఎవరూ వదులు చేయకూడదు. రైలులో పీడనం 1,000 బార్లు దాటుతుంది, ఆ ధార చర్మాన్ని చీల్చి లోపలికి వెళ్తుంది.

లోడు మీదే ఎందుకు బయటపడుతుంది

సుమారు 70 హార్స్‌పవర్ ఇంజను స్లోలో (యాక్సిలరేటరు తొక్కకుండా) నడిచేటప్పుడు గంటకు లీటరు డీజిల్ కూడా తాగదు. అదే ఇంజను పూర్తి బలంతో ఎత్తు ఎక్కేటప్పుడు గంటకు దాదాపు 14 లీటర్లు కావాలి. గాలి సంగతీ అంతే. టర్బో లేని రెండున్నర లీటర్ల ఇంజను 3,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 3,000 లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది, స్లోలో అయితే అందులో నాలుగో వంతు చాలు. సగం మూసుకుపోయిన ఫిల్టరు గుండా ఆ కొద్దిపాటి డీజిల్, ఆ కొద్దిపాటి గాలి హాయిగా వెళ్తాయి. కాబట్టి షెడ్డులో బండి నిలబెట్టి రేసు ఇచ్చి “బాగానే ఉంది” అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నిలబడిన బండికి లోడు ఉండదు. బండి బాగుందో లేదో తేల్చే చివరి పరీక్ష లోడుతో, ఎత్తు మీదే జరగాలి.

ముందు పొగ చూడండి

స్పానరు పట్టుకునే ముందు ఒక ఎత్తు ఎంచుకోండి. ఎప్పుడూ అదే ఎత్తు కావాలి, దాదాపు అంతే లోడు ఉండాలి, అదే గేరులో ఎక్కాలి. చెరువు కట్ట ఎక్కే దారి అయినా, గుట్ట పక్క రోడ్డు అయినా సరిపోతుంది. ట్రాఫిక్ లేని సమయం చూసుకోండి. వెనుక మోటారు సైకిలు మీద ఒక మనిషిని తగినంత దూరంలో రమ్మనండి. సైలెన్సరు గొట్టం నుంచి ఎలాంటి పొగ వస్తోంది, సరిగ్గా బండి బలం తగ్గిన క్షణంలో అది ఎలా మారింది అనేది అతను చూడాలి. డ్రైవరు అద్దంలో చూసి చెప్పే మాట మీద ఆధారపడవద్దు.

నల్ల పొగ దట్టంగా వస్తే డీజిల్ సిలిండరులోకి వెళ్తోంది, దాన్ని కాల్చడానికి సరిపడా గాలి లేదని అర్థం. లేదా నాజిల్ (ఇంజెక్టరు మొన) డీజిల్‌ను సన్నగా చిమ్మకుండా ధారగా కారుస్తోంది. పొగ అసలే లేకుండా బలం పోతే ఇంజనుకు డీజిల్ అందడం లేదు. తెల్లటి లేదా బూడిద రంగు పొగ, కళ్లు మండించే వాసన ఉంటే డీజిల్ కాలకుండా బయటికి వస్తోంది, అంటే పంపు టైమింగ్ వెనకబడింది (డీజిల్ ఆలస్యంగా పడుతోంది) లేదా కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకునే పీడనం) తగ్గింది. నీలి పొగ ఇంజను ఆయిల్ కాలుతున్న గుర్తు.

పొగ ఒక్కటే పని సగానికి తగ్గిస్తుంది. ముఖ్యంగా నల్ల పొగకూ పొగ లేకపోవడానికీ ఉన్న తేడాను గట్టిగా పట్టుకోవాలి. పొగ లేని బండికి ఎయిర్ క్లీనరు మార్చినా, నల్ల పొగ కొట్టే బండికి డీజిల్ ఫిల్టరు మార్చినా ఒరిగేది ఏమీ ఉండదు.

ఇంకో మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి. బలం పొద్దున చల్లగా ఉన్నప్పుడే తక్కువగా ఉందా, వేడెక్కాక తగ్గుతోందా? నెలల తరబడి మెల్లగా తగ్గిందా, ఒక్క రోజులో పడిపోయిందా? ఎత్తు మొదట్లో బాగానే లాగి నిమిషం, రెండు నిమిషాల తర్వాత చచ్చుబడుతోందా? ఈ చివరిది చాలా విలువైన ఆనవాలు. మొదట లాగి తర్వాత నీరసిస్తే డీజిల్ సరఫరా వైపు చూడండి. ఫిల్టరులో, పంపులో అప్పటికే ఉన్న డీజిల్‌తో కాసేపు లాగుతుంది. అది అయ్యాక ట్యాంకు నుంచి వచ్చేది చాలదు.

బలం పుట్టడం లేదా, పుట్టిన బలం చక్రాలకు చేరడం లేదా

ఇది తేల్చకుండా ఇంజను విప్పిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఎత్తు మీద యాక్సిలరేటరు తొక్కితే ఇంజను శబ్దం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్చు ప్లేటు జారుతోంది. మాడిన వాసన కూడా వస్తుంది. ఇంజను శబ్దం, బండి వేగం రెండూ కలిసి పడిపోతేనే ఇంజను వైపు వెళ్లాలి.

బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో చూడటం ఇంకా సులువు. పది కిలోమీటర్లు బ్రేకు తక్కువగా వాడి నడిపి ఆపండి. నాలుగు చక్రాల హబ్బుల దగ్గరికి చెయ్యి తీసుకెళ్లండి, వెంటనే ముట్టుకోవద్దు. ఒకటి మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ షూ పట్టేసి ఉంది. చదునైన చోట న్యూట్రల్‌లో బండిని తోసి చూసినా తెలుస్తుంది. టైర్లలో గాలి కూడా ఇప్పుడే చూసుకోండి.

ఆ తర్వాత యాక్సిలరేటరు తీగ. ఇంజను ఆపి, ఒకరు పెడల్ పూర్తిగా తొక్కాలి, మరొకరు పంపు మీది లివరు చూడాలి. లివరు చివరి స్టాపు స్క్రూను తాకాలి. తీగ సాగినా, పెడల్ కింద మందపాటి మ్యాటు అడ్డుపడినా లివరు ముప్పావు దాకానే వస్తుంది. ఆ మిగిలిన పావు భాగమే లోడు మీద మీకు కావలసినది. అయిదు నిమిషాల పని ఇది. దీన్ని దాటవేయడానికి ఎలాంటి సాకూ లేదు.

నల్ల పొగ వస్తుంటే: గాలి దారి

ఎయిర్ క్లీనరుతో మొదలుపెట్టండి. మన దగ్గర పత్తి ఏరే రోజుల్లో, వానాకాలం, యాసంగి కోతల్లో కళ్లాల చుట్టూ తిరిగే బండ్లకు కంపెనీ చెప్పిన కిలోమీటర్లు పనికిరావు. ధాన్యం నూగు, పత్తి నూగు కాగితపు ముడతల మధ్య అట్టలా పేరుకుంటుంది. ఫిల్టరు బయటికి తీసి లోపల టార్చి పెట్టి చూడండి. వెలుగు అన్ని వైపులా సమంగా కనిపించాలి. గాలి కొట్టదలచుకుంటే లోపలి నుంచి బయటికి, తక్కువ పీడనంతో, 2 బార్లకు మించకుండా కొట్టండి. టైర్లకు గాలి పట్టే గొట్టాన్ని పూర్తి జోరుతో ఆనించి కొడితే కాగితానికి కంటికి కనపడని చిల్లులు పడతాయి. ఆ తర్వాత దుమ్ము నేరుగా సిలిండరులోకి వెళ్లి రింగులు అరిగిపోతాయి. డీజిల్‌తోనో పెట్రోల్‌తోనో కడగడం అంతకంటే చెడ్డది. పాత జీపుల్లో, ట్రాక్టర్లలో ఉండే ఆయిల్ గిన్నె రకం ఎయిర్ క్లీనరు అయితే గిన్నెలో అడుగున చేరిన బురద తీసి, గీత వరకు శుభ్రమైన ఇంజను ఆయిల్ పోయాలి. గీత దాటి పోస్తే ఇంజను దాన్నే పీల్చుకుంటుంది.

ఫిల్టరు లేకుండా ఎత్తు ఎక్కించి చూద్దామా అని అడుగుతుంటారు. దుమ్ము రోడ్డు మీద వద్దే వద్దు. తెలిసినవాళ్ల దగ్గర బాగున్న ఫిల్టరు ఉంటే కాసేపు తెచ్చి పెట్టి చూడండి. ఫిల్టరు తర్వాత ఉండే రబ్బరు గొట్టాన్ని కూడా వేళ్లతో నొక్కి చూడండి. మెత్తబడిన గొట్టం ఇంజను జోరుగా పీల్చినప్పుడు లోపలికి ముడుచుకుని గాలి దారిని మూసేస్తుంది. బండి ఆపగానే మళ్లీ మామూలుగా తెరుచుకుంటుంది, అందుకే దొరకదు. బానెట్ తెరిచి మరొకరితో గట్టిగా రేసు ఇప్పిస్తూ ఆ గొట్టాన్నే చూడాలి.

టర్బో ఉన్న బండికి టర్బో నుంచి ఇంటర్‌కూలరుకు (ఆ గాలిని చల్లబరిచే భాగం), అక్కడి నుంచి ఇన్‌టేక్ మ్యానిఫోల్డుకు (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) వెళ్లే గొట్టాలు, క్లిప్పులు అసలు అనుమానితులు. లోడు మీద బుస్సుమనే శబ్దం వినిపిస్తే సందేహమే అక్కర్లేదు. గొట్టాల అతుకుల దగ్గర నూనె తడి మీద దుమ్ము అంటుకుని ఉంటే గాలి అక్కడి నుంచే పోతోంది. సబ్బు నీళ్లు రాసి రేసు ఇప్పించి బుడగలు చూడండి. ఇంజను చల్లారాక టర్బో ముందు గొట్టం తీసి ఇరుసును వేళ్లతో కదిపి చూడండి. పక్కలకు చాలా కొద్దిగా కదలడం మామూలే. ముందుకీ వెనక్కీ కదిలినా, రెక్కలు గోడను గీసిన గుర్తులు ఉన్నా టర్బో పని అయిపోయింది. గొట్టంలో పలుచని నూనె పొర ఉండటం పెద్ద విషయం కాదు, నూనె మడుగు కట్టి ఉంటే మాత్రం అది ప్రమాదం. టర్బో సీలు పూర్తిగా పోతే ఇంజను తన ఆయిల్‌నే తాగుతూ తాళం తీసినా ఆగకుండా పరుగు అందుకుంటుంది. అలాంటప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్చు వదిలి ఇంజనును ఆపాలి. లేదా గాలి పీల్చే నోటికి మందపాటి చెక్క అడ్డం పెట్టాలి, చెయ్యి పెట్టకూడదు.

ఈజీఆర్ వాల్వు (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి వదిలేది) ఉన్న బండి అయితే అది మసి పట్టి తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి. కాలిన పొగే మళ్లీ సిలిండరులోకి వస్తే స్వచ్ఛమైన గాలికి చోటుండదు. విప్పి మసి తీసి, వాల్వు పూర్తిగా మూసుకుంటోందో లేదో చూస్తే చాలు.

సైలెన్సరును ఎందుకో అందరూ మరచిపోతారు. పాత సైలెన్సరు లోపలి రేకులు విరిగి అడ్డం తిరిగితే, మసి గడ్డకడితే పొగ బయటికి పోలేదు. పొగ పోకపోతే కొత్త గాలి రాదు. పెద్ద బండ్లకు ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటే దాని రేకు సగం మూసుకుని ఇరుక్కుంటుంది, ముందు దాన్ని చూడండి. అనుమానం తీరకపోతే పొగ బయటికి వచ్చే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు తర్వాతి అతుకు బోల్టులు వదులు చేసి సందు ఇచ్చి, కొద్ది దూరం ఎత్తు ఎక్కించండి. శబ్దం భయంకరంగా ఉంటుంది, కానీ బలం తిరిగి వస్తే జవాబు దొరికినట్టే. ఆ సందులోంచి నిప్పు లాంటి వేడి వస్తుంది కాబట్టి పక్కన వైర్లు, డీజిల్ గొట్టాలు లేకుండా చూసుకోండి. గడ్డి లోడు, పత్తి లోడు ఉన్న బండికి ఈ పరీక్ష ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు.

పొగ లేదు, బలం లేదు: డీజిల్ దారి

ఎక్కువ బండ్ల జబ్బు ఇక్కడే ఉంటుంది కాబట్టి ఇక్కడ తొందరపడవద్దు. ట్యాంకు నుంచి మొదలుపెట్టి పంపు వైపు నడవాలి.

ట్యాంకు మూతకు గాలి రంధ్రం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే డీజిల్ ఖాళీ అయిన కొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి పంపు పీల్చలేదు. బలం తగ్గిన వెంటనే ఆపి మూత తెరవండి. లోపలికి గాలి జుయ్యిమని వెళ్తే, మూత వదులుగా పెట్టి నడిపినప్పుడు బండి లాగితే, లోపం దొరికింది. మూత కడగడంతో పోయేది.

తర్వాత డీజిల్. ఫిల్టరు అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి పావు లీటరు తెల్ల గాజు సీసాలోకి పట్టండి. అరగంట కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున వేరుగా గీతలా నిలబడతాయి. నల్లటి జిగురు తునకలు, తుప్పు రజను కనిపిస్తే ట్యాంకు విప్పి కడగక తప్పదు, కొత్త ఫిల్టరు ఒక్కటే వేస్తే కొద్ది రోజుల్లో మళ్లీ నిండుతుంది. ఊళ్లో క్యానుల్లో నిల్వ పెట్టిన డీజిల్ పోసుకునే బండ్లలో, వానాకాలంలో సగం ట్యాంకుతో రోజుల తరబడి నిలిపే బండ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. ట్యాంకులో డీజిల్ పీల్చే గొట్టం చివర జాలీ ఉంటుంది. దానికి గుడ్డ పీలికో, మూత సీలు ముక్కో అతుక్కుంటే బండి ఖాళీగా నడిచి లోడు మీద ఆగుతుంది, కాసేపు ఆపితే ఆ ముక్క జారిపోయి మళ్లీ నడుస్తుంది.

ఇప్పుడు గొట్టాల సంగతి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (డీజిల్ లాగి అసలు పంపుకు అందించే చిన్న పంపు) వరకు ఉన్నది పీల్చే వైపు. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. కింద చుక్క పడటం లేదు కాబట్టి లీకు లేదనుకుంటారు. రోటరీ పంపు (తిరిగే ఒకే భాగం అన్ని సిలిండర్లకూ డీజిల్ పంచే రకం) ఉన్న కొన్ని ఇంజన్లలో విడిగా ఫీడ్ పంపు ఉండదు, పీల్చే ఏర్పాటు పంపు లోపలే ఉంటుంది. అంటే ట్యాంకు నుంచి పంపు దాకా, ఫిల్టరుతో సహా, దారి మొత్తం పీల్చే వైపే. ఫిల్టరు సీలు కొద్దిగా మడతపడినా, చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమరు డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) చిట్లినా గాలి దూరుతుంది.

గాలిని కంటితో చూడటానికి ఒక మూర పొడవు పారదర్శక గొట్టం చాలు. డీజిల్‌కు తట్టుకునేది, సరైన లోపలి వ్యాసం ఉన్నది తీసుకుని పంపులోకి డీజిల్ వచ్చే చోట మామూలు గొట్టం బదులు తాత్కాలికంగా బిగించండి. ఎయిర్ తీసి (స్క్రూ వదులు చేసి లోపల చిక్కిన గాలిని బయటికి పంపి) ఇంజను నడపండి. మొదట రెండు, మూడు నిమిషాలు బుడగలు రావడం సహజం. తర్వాత కూడా రేసు పెంచిన ప్రతిసారీ వస్తూనే ఉంటే వెనక ఎక్కడో సందు ఉంది.

దేవరకొండ వైపు నుంచి బత్తాయి వేసుకొచ్చే పికప్పు డ్రైవరు ఒకరు పంపు, నాజిళ్లు రెండూ చేయించాక నా దగ్గరికి వచ్చి, “అన్నా, ఖాళీగా గుర్రంలా పోతుంది, లోడు పడితే రెండో గేరు దాటదు, ఇంజను దింపాలంటున్నారు” అన్నాడు. పొగ లేదు. పారదర్శక గొట్టం పెట్టి రేసు ఇస్తే ఆవగింజంత బుడగలు వరుసగా వచ్చాయి. ట్యాంకు దగ్గర నుంచి ఒక్కో అతుకు తడుముతూ వస్తే, చాసిస్ పక్కన రబ్బరు గొట్టానికి బిగించిన క్లిప్పు అంచున అరంగుళం మేర నల్లటి తడి దుమ్ము కనిపించింది. మిగతా గొట్టమంతా పొడిగా, తెల్లటి రోడ్డు దుమ్ముతో ఉంది. క్లిప్పు విప్పి గొట్టాన్ని వంచితే దాని కిందనే దారం మందాన చీలిక. ఇంజను ఆగినప్పుడు కాస్త డీజిల్ చెమర్చుతుంది, నడిచేటప్పుడు గాలి పీలుస్తుంది. అర మూర గొట్టం, రెండు క్లిప్పులు మార్చితే బండి మామూలైంది. అందుకే అన్ని క్లిప్పుల కింద చూడండి, పైపైన తుడిచి వదలవద్దు. గట్టిపడిన పాత గొట్టం ఏదైనా ఉంటే అనుమానించకుండా మార్చేయండి. బయటికి బాగున్నా లోపలి పొర ఊడి, పీల్చినప్పుడు దారికి అడ్డంపడే గొట్టాలు కూడా ఉంటాయి.

ఇన్ని చూడటం కష్టమనిపిస్తే డబ్బా పరీక్షతో దారిని రెండు ముక్కలు చేయవచ్చు. నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇదే. అయిదు లీటర్ల శుభ్రమైన డబ్బాలో వడగట్టిన డీజిల్ పోసి, కొత్త గొట్టంతో నేరుగా ఫీడ్ పంపులోకి ఇవ్వండి. పంపు నుంచి తిరిగి వచ్చే గొట్టాన్ని కూడా అదే డబ్బాలో పెట్టండి. మూతకు గాలి రంధ్రం ఉండాలి. డబ్బాను క్యాబిన్ బయట, మ్యానిఫోల్డు, సైలెన్సరు వేడి తగలని చోట, కదలకుండా తాడుతో గట్టిగా కట్టండి. ఎయిర్ తీసి అదే ఎత్తు, అదే లోడు ఎక్కించండి. బండి లాగితే లోపం ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనే ఉంది. లాగకపోతే ముందుకు నడవాలి.

ముందున్నది ఫీడ్ పంపు, ఫిల్టర్లు. ఫిల్టరు కొత్తది వేసి ఎన్నాళ్లైందో గుర్తులేకపోతే మార్చేయండి. రెండు ఫిల్టర్లు ఉన్న చోట రెండూ మార్చాలి. పైపులను కలిపే యూనియన్ బోల్టుల లోపల సన్నని జాలీ ఉంటుంది. ఫిల్టరు మార్చేవాళ్లలో చాలామంది దీన్ని విప్పరు, అది మూసుకుపోయి ఉంటే కొత్త ఫిల్టరు వల్ల ప్రయోజనం లేదు. ఫీడ్ పంపు పరీక్షకు దాని నుంచి బయటికి వచ్చే పైపు వదులు చేసి, చివరను సీసాలో పెట్టి సెల్ఫు కొట్టించండి. డీజిల్ ఆగి ఆగి, కానీ జోరుగా, బుడగలు లేకుండా కొట్టాలి. నీరసంగా కారితే లోపలి వాల్వులు, స్ప్రింగు చూడాలి. ఇవి తక్కువ ఖర్చు సామాను. వరుస పంపు (సిలిండరుకు ఒకటి చొప్పున డీజిల్ కొట్టే భాగాలు వరుసగా ఉండే రకం) ఉన్న ఇంజన్లలో మిగులు డీజిల్ తిరిగి వెళ్లే చోట స్ప్రింగు వాల్వు ఉంటుంది. పంపు గదిలో దాదాపు 1 నుంచి 1.5 బార్ల పీడనం నిలబెట్టేది అదే. స్ప్రింగు నీరసిస్తే, లేదా ఎవరో దాని బదులు మామూలు బోల్టు పెట్టేస్తే, డీజిల్ అంతా వెనక్కి పోయి సిలిండర్లకు చాలదు.

టర్బో ఉన్న మెకానికల్ పంపుల్లో ఇంకొక్క చోటు ఉంది. ఇన్‌టేక్ మ్యానిఫోల్డు నుంచి పంపు మీది డయాఫ్రం మూతకు ఒక సన్నని గొట్టం వెళ్తుంది. టర్బో గాలి పెరిగిందని పంపుకు తెలిసేది దాని ద్వారానే, అప్పుడే పంపు ఎక్కువ డీజిల్ వదులుతుంది. ఆ గొట్టం ఊడినా, చిట్లినా, లోపలి డయాఫ్రం చిరిగినా టర్బో బాగున్నా, డీజిల్ బాగున్నా, బండి పొగ లేకుండా నీరసంగా నడుస్తుంది. గొట్టం తీసి మ్యానిఫోల్డు వైపు చివర దగ్గర గాలి వస్తోందో లేదో, పంపు వైపు నోటితో ఊదితే గాలి నిలుస్తోందో లేదో చూస్తే సరి. గాలి నిలవకుండా పోతుంటే డయాఫ్రం చిరిగినట్టే.

నాజిళ్లు

ఒక్క సిలిండరు పనిచేయకపోతే నాలుగు సిలిండర్ల ఇంజను బలంలో పావు వంతుకు పైగా పోతుంది. మెకానికల్ పంపు ఉన్న ఇంజనుకు దీన్ని కనిపెట్టడం తేలిక. ఇంజను స్లోలో నడుస్తుండగా, మందపాటి గుడ్డ చుట్టి, ముఖం దూరంగా పెట్టి, ఒక్కో ఇంజెక్టరు దగ్గర పైపు నట్టును అర చుట్టు వదులు చేయండి. ఆ సిలిండరు బాగుంటే ఇంజను వెంటనే తడబడుతుంది. వదులు చేసినా ఇంజను తీరు మారకపోతే ఆ సిలిండరు అప్పటికే పని చేయడం లేదన్నమాట. నట్టు బిగించి తర్వాతి దానికి వెళ్లండి.

దోషి సిలిండరు దొరికాక నాజిల్ వెంటనే కొనవద్దు. దాని ఇంజెక్టరును పక్క సిలిండరుకు మార్చండి, కొత్త రాగి వాషర్లు వేసి బిగించండి. లోపం ఇంజెక్టరుతో పాటు పక్కకు వెళ్తే నాజిల్ పోయింది. లోపం అదే సిలిండరులో ఉండిపోతే వాల్వు, టాపెట్, కంప్రెషన్ చూడాలి, లేదా పంపులో ఆ సిలిండరుకు డీజిల్ పంపే భాగాన్ని అనుమానించాలి. విప్పిన నాజిళ్లను పంపు షాపులో టెస్టరు మీద పెట్టించి మీ కళ్లతో చూడండి. డీజిల్ సన్నని పొగమంచులా చిమ్మాలి, చిమ్మాక మొనకు చుక్క వేలాడకూడదు. ఆ చిమ్మే చోటికి వేలు పెట్టనివ్వవద్దు. చర్మంలోకి డీజిల్ దూరితే పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన గాయం అది.

తెల్ల పొగ, నీలి పొగ

టైమింగ్ బెల్టు మార్చాక, లేదా పంపు విప్పి బిగించాక బలం తగ్గి తెల్ల పొగ మొదలైతే ముందు ఆ పనినే అనుమానించాలి. బెల్టు ఒక్క పన్ను తప్పినా, పంపు ఫ్లాంజి బోల్టులు వదులై పంపు కొద్దిగా తిరిగినా టైమింగ్ వెనక్కి పోతుంది. గుర్తులు కలిపి చూడటం తెలిసిన చేతితోనే చేయించండి.

కంప్రెషన్ కోసం తొలి పరీక్షకు గేజి కూడా అక్కర్లేదు. వేడెక్కిన ఇంజను స్లోలో నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి బోర్లించి పెట్టండి. కొద్దిగా కదలడం మామూలు. మూత ఎగిరిపడుతూ, పొగ జోరుగా కొడుతుంటే బ్యాక్ కంప్రెషన్ (సిలిండరు గాలి రింగులు దాటి కిందికి రావడం) ఎక్కువైంది, రింగులు, లైనర్లు అరిగాయి. అప్పుడు డీజిల్ ఇంజన్లకు వాడే గేజితో కొలిపించండి. పాత ఇంజన్లలో సాధారణంగా 350 నుంచి 450 పీఎస్‌ఐ దాకా ఉంటుంది, మీ ఇంజను పుస్తకంలో ఉన్న అంకెదే తుది మాట. సిలిండర్ల మధ్య తేడా పదో వంతు దాటకూడదు. అన్నీ సమంగా ఉండి కొంచెం తగ్గితే బండి ఇంకా పని చేస్తుంది. ఒక్కటే బాగా పడిపోతే టాపెట్ గ్యాపులు చూసి, తర్వాత హెడ్డు విప్పే మాట ఆలోచించండి.

వేడెక్కాకే బలం పోతుంటే

మే నెలలో నల్గొండ ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి దాదాపు 6 శాతం పలుచన. కాబట్టి మధ్యాహ్నం కాస్త తక్కువ లాగడం జబ్బు కిందికి రాదు. ఉష్ణోగ్రత ముల్లు పైకి వెళ్తూ బలం తగ్గితే మాత్రం రేడియేటరు రెక్కల మధ్య నూగు, ఫ్యాను బెల్టు, ఫ్యాను క్లచ్చు, థర్మోస్టాట్ వరుసగా చూడాలి. మన్ననూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కాల్సిన బండికి ఇది ముందే చూసుకోవాలి. ఆ అడవిలో రాత్రి రాకపోకలు ఆపేస్తారు, సాయంత్రం బండి ఆగితే సాయం దొరకడం కష్టం.

ముల్లు మామూలుగా ఉండి, పొద్దున బాగా లాగి, వేడెక్కాక బలం తగ్గి, ఆపితే మళ్లీ స్టార్టు కావడానికి మొండికేస్తే రోటరీ పంపు లోపల అరిగి ఉండవచ్చు. వేడికి పలుచబడిన డీజిల్ అరిగిన సందుల్లోంచి జారిపోతుంది. ఇంజను ఆపి, తడి గుడ్డ పంపు మీద కప్పి పది నిమిషాలు ఉంచండి. అప్పుడు వెంటనే స్టార్టయితే అనుమానం బలపడినట్టే. నడుస్తున్న వేడి పంపు మీద చల్లని నీళ్లు కుమ్మరించకూడదు, లోపల పట్టేస్తుంది.

పంపు షాపుకు వెళ్లేటప్పుడు

పైవన్నీ తేలాకే పంపు విప్పాలి. షాపులో చెప్పవలసింది “పికప్ లేదు” అని కాదు. పొగ రంగు, వేడి మీదా చల్లగానా, డబ్బా పరీక్షలో ఏం జరిగింది, ఏ సిలిండరు నీరసం అన్నీ కాగితం చూసి చెప్పండి. పంపును బెంచి మీద పెట్టి, విప్పక ముందు ఒకసారి, బిగించాక ఒకసారి ఒక్కో సిలిండరుకు ఎంత డీజిల్ వదులుతోందో కొలవమనండి. ఆ రెండు కొలతలూ రాయించుకోండి. మొదటి కొలత బాగుంటే పంపులో లోపం లేదు, బిగించి తెచ్చుకోండి.

సీలు వేసిన డీజిల్ పెంచే స్క్రూను తిప్పి “పికప్ తెప్పిస్తాం” అనే వాళ్లకు ఒప్పుకోవద్దు. గాలి పెరగకుండా డీజిల్ పెంచితే కొన్నాళ్లు లాగినట్టే ఉంటుంది. నల్ల పొగ, పొగ వేడి పెరిగి పిస్టన్లు, టర్బో, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతింటాయి, డీజిల్ ఖర్చు కూడా పెరుగుతుంది.

బాగు చేశాక మళ్లీ చూడటం

ఒకసారి ఒక్కటే మార్చి, మొదట ఎంచుకున్న ఎత్తునే అదే లోడుతో, అదే గేరులో ఎక్కించండి. నాలుగు సామాన్లు ఒకేసారి మారిస్తే ఏది దోషో ఎప్పటికీ తెలియదు. ఎత్తు పైన వేగం ఎంత, పొగ ఎలా ఉంది అనేది పాత కాగితం పక్కనే రాసుకోండి. ఎయిర్ తీసిన స్క్రూలు, విప్పిన యూనియన్లు అన్నీ ఒకసారి తుడిచి, మరునాడు పొద్దున తడి ఉందేమో చూడండి. ట్యాంకు కడిగించిన బండి అయితే కొత్త డీజిల్ ఫిల్టరును మామూలు గడువు దాకా ఉంచవద్దు. ట్యాంకు మూలల్లో మిగిలిన మురికి కదిలి అందులోకే వస్తుంది కాబట్టి 1,000 కిలోమీటర్లకే విప్పి, అడుగున ఏం చేరిందో సీసాలోకి పట్టి చూడండి.